ఐఆర్‌ఎస్‌కి టాక్స్ చెక్కు పోస్టులో పంపేటప్పుడు: కవరులో ఏముండాలి, తేదీకి రుజువేంటి

మీరు అడిగింది ఇదీ: మీ భార్యాభర్తలిద్దరూ గత ఏడాది జనవరిలో అమెరికా వచ్చారు, ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు, ఉండేది టెక్సస్. 2025కి మీ మొదటి రిటర్ను జాయింటుగా ఈ-ఫైల్ చేశారు. 4,200 డాలర్లు కట్టాలని తేలింది. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వెబ్‌సైటులోని డైరెక్ట్ పేలో కట్టబోతే పాత ఏడాది రిటర్ను వివరాలు అడిగి అక్కడే ఆగిపోయింది. చెక్కు పోస్టులో పంపితే సరిపోతుందా, గడువు రోజైన ఏప్రిల్ 15న పోస్టు డబ్బాలో వేస్తే చాలా, మొత్తం ఒకేసారి కట్టలేకపోతే ఏమవుతుంది, రేపు గ్రీన్‌కార్డుకి అడ్డం వస్తుందా అని మీ సందేహాలు.

చెక్కు నిరభ్యంతరంగా పంపవచ్చు. నేను ఎన్‌రోల్డ్ ఏజెంటుగా (ఐఆర్‌ఎస్ గుర్తింపు ఉన్న పన్ను నిపుణుడిగా) ఏటా మనవాళ్ల రిటర్నులు చూస్తుంటాను. కొత్తగా వచ్చినవాళ్లకి మీకు ఎదురైన ఇబ్బందే ఎదురవుతుంది. డైరెక్ట్ పే మనిషిని గుర్తుపట్టేది గతంలో వేసిన రిటర్నుతో. మీకు అది లేదు. అందులో మీ తప్పేమీ లేదు, కంగారు పడకండి. అయితే పోస్టులో కట్టడానికి ఒక పద్ధతి ఉంది. కవరు చేరితే సరిపోదు. లోపలి చెక్కు ఎవరిది, ఏ సంవత్సరానిది, ఏ ఫారానికి సంబంధించింది అన్నది ఆ కాగితం చూస్తేనే తెలియాలి. ఏ తేదీన పంపారో మీ దగ్గర రుజువు ఉండాలి. ఈ రెండూ ఉంటే తర్వాత ఏ ఉత్తరం వచ్చినా ఒక్క జవాబుతో తేలిపోతుంది. లేకపోతే నెలల తరబడి ఫోన్లు చేస్తూ కూర్చోవాలి.

ముందు ఆ కవరు ఎక్కడికి పోతుందో తెలుసుకోండి, మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో అర్థమవుతుంది. వోచరుతో (చెక్కుతో పాటు పంపే ఫారం 1040-వి చీటీతో) పంపే చెక్కులు సాధారణంగా మీ రిటర్ను చూసే అధికారి బల్ల మీదికి వెళ్లవు. ట్రెజరీ శాఖతో ఒప్పందం ఉన్న బ్యాంకులు నడిపే లాక్‌బాక్సులకి వెళతాయి. అక్కడివాళ్లు కవరు తెరుస్తారు, వోచరునీ చెక్కునీ స్కాన్ చేస్తారు, డబ్బు ట్రెజరీకి జమ చేస్తారు, వివరాలు ఐఆర్‌ఎస్‌కి పంపుతారు. మీరు కవరులో పెట్టిన వివరణ ఉత్తరం చదివి ఆలోచించే మనిషి అక్కడ ఉండడు. అందుకే కవరులో రెండే కాగితాలు ఉండాలి: ఫారం 1040-వి, చెక్కు. ఈ-ఫైల్ చేసినవాళ్లు రిటర్ను ప్రింటు తీసి మళ్లీ జతచేయకూడదు. కొంతమంది భద్రంగా ఉంటుందని డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను లెక్క) కాపీ, పాస్‌పోర్టు కాపీ కూడా పెడతారు. వాటివల్ల ఆలస్యం తప్ప లాభం లేదు.

ఇప్పుడు చెక్కు. పే టు ది ఆర్డర్ ఆఫ్ అన్నచోట యునైటెడ్ స్టేట్స్ ట్రెజరీ అని పూర్తిగా రాయండి. ఐఆర్‌ఎస్ అని మూడక్షరాలు రాసి వదిలేయకండి. దీనికి గట్టి కారణమే ఉంది. 2016లో దొంగలు సీపీ2000 అనే ఐఆర్‌ఎస్ నోటీసు పేరుతో నకిలీ నోటీసులు పంపారు. ఐ.ఆర్.ఎస్. పేరున చెక్కు రాసి ఆస్టిన్ ప్రాసెసింగ్ సెంటర్ అనే చిరునామాకి పంపమన్నారు. ఆ ఏడాది సెప్టెంబరులో ఐఆర్‌ఎస్సే దీనిమీద హెచ్చరిక జారీ చేసింది. చెక్కు ఎవరి పేరున అడుగుతున్నారన్నది అసలు నోటీసునీ నకిలీనీ వేరుచేసే మొదటి గుర్తు.

అంకెల గడిలో డాలర్ గుర్తుకి ఆనించి 4200.00 అని రాయండి. మనకి అలవాటైన పద్ధతిలో చివర అడ్డగీత గీయడం, పైసల దగ్గర భిన్నంలా కింద వంద వేయడం చేయకండి. వోచరు సూచనల్లోనే ఈ మాట ఉంది, స్కానింగ్ యంత్రం ఆ గీతలని అంకెలుగా చదివే ప్రమాదం ఉంది కాబట్టి. చెక్కు ముందువైపు మీ పేరు, చిరునామా, పగటిపూట దొరికే ఫోన్ నంబరు, ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఉండాలి. మెమో గీత మీద 2025 ఫారం 1040 అని రాయాలి. ఇంత చిన్న చోట ఇన్ని పట్టవనిపిస్తుంది. పేరు, చిరునామా మామూలుగా చెక్కు మీద అచ్చయ్యే ఉంటాయి. ఫోన్ వాటి కిందే రాయండి, మెమో దగ్గర ఎస్‌ఎస్‌ఎన్, సంవత్సరం, ఫారం పడతాయి.

సంవత్సరం రాయడం మరిచిపోతే ఏమవుతుందని అడిగేవాళ్లున్నారు. వోచరు తోడుంటే చాలావరకు సర్దుకుంటుంది. కానీ చెక్కు, వోచరు విడిపోయి, ఇది ఏ సంవత్సరానిదో మీరు ఎక్కడా చెప్పకపోతే, దాన్ని ఏ బాకీకి జమకట్టాలో నిర్ణయించే హక్కు ఐఆర్‌ఎస్‌దవుతుంది. పాత బాకీ ఉంటే ముందు అందులోకి పోతుంది. మీకు పాత బాకీలు లేవు కాబట్టి ఈసారికి ఇబ్బంది లేకపోవచ్చు, అయినా అలవాటు ఇప్పుడే చేసుకోండి.

జాయింటు రిటర్నులో ఇంకో మెలిక ఉంది, మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రిటర్నులో మొదట ఎవరి పేరుందో వారి ఎస్‌ఎస్‌ఎన్నే చెక్కు మీద ఉండాలి. బ్యాంకు ఖాతా భార్యదైనా, చెక్కు మీద ఆమె పేరే అచ్చయి ఉన్నా, మెమోలో రిటర్నులోని మొదటి నంబరే రాయాలి. వోచరులో మొదటి గడిలో ఆ నంబరు, రెండో గడిలో రెండోవారిది. 2022 జూలైలో ఇలాంటిదే పెద్దస్థాయిలో జరిగింది. జాయింటు రిటర్నుల్లో రెండోపేరు ఉన్నవారు తమ ఆన్‌లైన్ ఖాతా నుంచి కట్టిన సొమ్ము కొన్ని చోట్ల సరిగా జమపడలేదు. కట్టేసినవాళ్లకి కూడా బాకీ నోటీసులు వెళ్లాయి. ఐఆర్‌ఎస్ ఆ సంగతి బహిరంగంగా ఒప్పుకుని సరిచేసింది. ఆన్‌లైన్‌లోనే అలా జరిగినప్పుడు, కాగితం మీద మరింత జాగ్రత్త అవసరం కదా.

పేరు సంగతి కూడా చెప్పాలి. ఐఆర్‌ఎస్ కంప్యూటరు ఎస్‌ఎస్‌ఎన్‌తో పాటు ఇంటిపేరులో మొదటి నాలుగు అక్షరాలు సరిచూసుకుంటుంది. మన పాస్‌పోర్టుల్లో ఒకరికి ఇంటిపేరు ముందుంటుంది, ఒకరికి వెనకుంటుంది, ఒకరికి అసలు సర్‌నేమ్ గడే ఖాళీ. బ్యాంకు ఒకలా అచ్చేస్తుంది, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంకోలా ఉంటుంది. వోచరు మీద పేరు రిటర్నులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. చెక్కు బుక్కు లేదని బావగారి చేతో, స్నేహితుడి చేతో చెక్కు రాయించినా చెల్లుతుంది. కాకపోతే దానిమీద మీ పేరు, మీ ఎస్‌ఎస్‌ఎన్ స్పష్టంగా ఉండాలి, లేకపోతే ఐఆర్‌ఎస్ ఆ డబ్బుని ఆయన పేరున జమకట్టే అవకాశం ఉంది. బ్యాంకు ఖాతాయే లేనివాళ్లు పోస్టాఫీసులో మనీ ఆర్డరు తీసుకోవచ్చు, ఒక్కోటి వెయ్యి డాలర్ల వరకే ఇస్తారు. దాని రసీదు ముక్క పారేయకండి. నగదు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోస్టులో పంపకండి.

చెక్కుకీ వోచరుకీ స్టేపుల్ కొట్టకండి, క్లిప్పు పెట్టకండి, అతికించకండి. విడివిడిగా కవరులో పెట్టండి. మూసేముందు రెండింటినీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి, కవరు మీది చిరునామాతో సహా.

చిరునామా మీరున్న రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్ వాళ్ల చెల్లింపులు నార్త్ కరొలైనాలోని షార్లట్‌లో ఉన్న ఒక పోస్టు బాక్సుకి వెళతాయి. కొన్ని రాష్ట్రాలవి కెంటకీలోని లూయీవిల్‌కి. అసలు చిరునామా ఆ సంవత్సరపు 1040-వి కాగితం మీదే అచ్చయి ఉంటుంది, అది చూసే రాయండి. స్నేహితుడు పోయినేడు వాడిన చిరునామా, వాట్సాప్‌లో వచ్చిన చిరునామా వద్దు, అవి మారుతుంటాయి. పైగా మీరు ఈ-ఫైల్ చేయకుండా కాగితం రిటర్ను పంపేవాళ్లయితే, డబ్బుతో పంపే చిరునామా వేరు, డబ్బు లేకుండా పంపేది వేరు. రాష్ట్ర ఆదాయపు పన్ను టెక్సస్‌లో లేదు కాబట్టి మీకు ఆ బాధ లేదు. ఇదే కాలిఫోర్నియా అయితే ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు పేరున ఇంకో చెక్కు, ఇంకో కవరు. రెండు చెక్కులూ ఒకేరోజు రాసి కవర్లు తారుమారు చేసినవాళ్లని చూశాను. ఒక కవరు పూర్తిగా ముగించి అంటించాకే రెండోది మొదలుపెట్టండి.

ఇక మీ అసలు ప్రశ్న, ఏప్రిల్ 15న డబ్బాలో వేస్తే చాలా అని. చట్టం ప్రకారం, చిరునామా సరిగా రాసి, సరిపడా స్టాంపులు అంటించి గడువులోపు పోస్టు చేస్తే, కవరు మీద పడిన పోస్టుమార్కు తేదీనే చెల్లించిన తేదీగా లెక్కిస్తారు. 18న చేరినా 15 ముద్ర ఉంటే సకాలంలో కట్టినట్టే. దశాబ్దాలుగా అందరూ నమ్ముకున్న సూత్రం ఇది, ఇప్పటికీ అమల్లోనే ఉంది. కానీ ఆ ముద్ర ఎప్పుడు పడుతుందన్నది మారింది. మీ వీధి చివర నీలం డబ్బాలో వేసిన కవరు మీద ఆ రోజే ముద్ర పడుతుందన్న హామీ లేదు. ప్రాంతీయ కేంద్రానికి చేరాక యంత్రం మీద ముద్ర పడుతుంది, అది మర్నాడు కావచ్చు, ఆ తర్వాత కావచ్చు. 2025 డిసెంబరు 24 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలో పోస్టల్ సర్వీసే ఈ మాట స్పష్టం చేసింది: పోస్టుమార్కు మీది తేదీ, కవరు తమ చేతికి అందిన తేదీ ఒకటే కానక్కర్లేదని.

కాబట్టి డబ్బా మాట మరిచిపోండి. పోస్టాఫీసు కౌంటరు దగ్గరికి వెళ్లి, చేత్తో ముద్ర వేయమని అడగండి. దానికి డబ్బు తీసుకోరు. ఇంకా మంచిది సర్టిఫైడ్ మెయిల్. కొన్ని డాలర్లు ఎక్కువవుతాయి, కానీ ఆకుపచ్చ-తెలుపు రసీదు మీద కౌంటరులో ముద్ర వేయించుకుంటే తేదీ విషయంలో అది చట్టపరంగా నిలిచే రుజువు. ముద్ర వేయించుకోకుండా రసీదు జేబులో పెట్టుకుని వచ్చేవాళ్లున్నారు, అప్పుడు దాని విలువ సగం పోతుంది. ఇది 15వ తేదీ సాయంత్రం క్యూలో నిలబడి చేసే పని కాదు, ఒక వారం ముందే ముగించండి.

ఫెడెక్స్, యూపీఎస్, డీహెచ్‌ఎల్ వాళ్ల సర్వీసుల్లో కొన్నింటిని ఐఆర్‌ఎస్ గుర్తించింది, వాటితో పంపినా తేదీ చెల్లుతుంది. అన్ని సర్వీసులూ కాదు, గుర్తించిన వాటి జాబితా ఐఆర్‌ఎస్ సైటులో ఉంటుంది. పైగా వాళ్లు పోస్టు బాక్సుకి డెలివరీ చేయలేరు. వాళ్ల కోసం వీధి చిరునామాలు విడిగా ఇచ్చారు, అవి చూసుకోకుండా పంపితే కవరు తిరిగొస్తుంది.

డబ్బా వద్దనడానికి రెండో కారణం దొంగతనం. పోస్టు డబ్బాల్లోంచి కవర్లు లాగి, రసాయనంతో సిరా కడిగేసి, పేరూ మొత్తమూ మార్చి చెక్కులు మార్చుకునే ముఠాలు పెరిగాయి. 2023 ఫిబ్రవరిలో ఆర్థిక నేరాలని గమనించే ఫిన్‌సెన్ సంస్థ బ్యాంకులన్నిటికీ దీనిమీద హెచ్చరిక పంపింది. మీ టాక్స్ చెక్కు మీద ఖాతా నంబరు, ఎస్‌ఎస్‌ఎన్, ఫోను, చిరునామా అన్నీ ఉంటాయి. దొంగ చేతికి ఇంతకంటే ఏం కావాలి? జెల్ పెన్నుతో రాయండి, ఆ సిరా తేలిగ్గా కరగదు. కవరు బయట నుంచి చూస్తే లోపలిది కనపడనంత మందంగా ఉండాలి. అపార్ట్‌మెంటు మెయిల్‌బాక్సులో పెట్టి రాత్రంతా వదిలేయకండి.

చెక్కు మీద రాబోయే తేదీ వేసి పంపితే ఆ తేదీ దాకా ఆపుతారనుకోకండి. చెక్కులోని వివరాలతో నేరుగా మీ ఖాతాలోంచి ఎలక్ట్రానిక్‌గా లాగేసే అధికారం వాళ్లకుంది, అందిన రోజే లాగవచ్చు, చెక్కు మీకు తిరిగి రాదు. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగితే 2 శాతం జరిమానా, మీ మొత్తం మీద 84 డాలర్లు. 1,250 డాలర్ల కంటే చిన్న చెక్కులకి 25 డాలర్లు, లేదా చెక్కు మొత్తం అంతకంటే తక్కువైతే ఆ మొత్తం. బ్యాంకు వేసే చార్జీ దీనికి అదనం.

మొత్తం ఒకేసారి కట్టలేకపోతే భయపడి ఏమీ పంపకుండా కూర్చోవద్దు. రిటర్ను గడువులోపు వేశారు, అదే అన్నిటికంటే పెద్ద పని. రిటర్ను వేయకపోతే నెలకి 5 శాతం జరిమానా. వేసి, డబ్బు కట్టకపోతే నెలకి అర శాతమే. దానికి తోడు వడ్డీ, అది మూడు నెలలకోసారి నిర్ణయిస్తారు, 2025 అంతా ఏడాదికి 7 శాతం ఉంది, రోజువారీ చక్రవడ్డీ. మీరు ఇప్పుడు 2,500 పంపి 1,700 మిగిల్చారనుకోండి. ఆ వడ్డీ రేటునే లెక్కేస్తే, మిగిలినదాని మీద నెలకి జరిమానా ఎనిమిదిన్నర డాలర్లు, వడ్డీ సుమారు పది. అంతే. క్రెడిట్ కార్డు మీద అప్పు పెట్టి కట్టడం కంటే ఇది చాలా నయం. మిగిలినది వీలైనప్పుడు ఇంకో వోచరు, ఇంకో చెక్కుతో పంపవచ్చు. 180 రోజుల్లోపు తీర్చగలిగితే స్వల్పకాలిక ప్లానుకి పెట్టుకోండి, దానికి సెటప్ ఫీజు లేదు. నెలవారీ వాయిదాలు కావాలంటే ఫారం 9465 ఉంది, దానికి ఫీజు పడుతుంది. జరిమానా పడ్డాక, గతంలో ఏ మచ్చా లేనివాళ్లు మొదటిసారి మాఫీ అడగవచ్చు.  పన్ను బాకీ మీది వడ్డీ మాత్రం మాఫీ కాదు.

పోస్టే దారి అనుకుంటున్నారు కాబట్టి ఇంకో మాట. ఐఆర్‌ఎస్ అనుమతించిన కార్డు ప్రాసెసర్ల ద్వారా మామూలు డెబిట్ కార్డుతో కడితే రుసుము రెండు మూడు డాలర్ల లోపే, సర్టిఫైడ్ మెయిల్ కంటే తక్కువ. మీ కార్డు రోజువారీ పరిమితి సరిపోతే అదీ మంచి దారే. వచ్చే ఏడాది రిటర్ను ఈ-ఫైల్ చేసేటప్పుడే బ్యాంకు ఖాతా నంబరిచ్చి అందులోంచే తీసుకోమనవచ్చు, ఆ చెల్లింపుకి విడిగా గుర్తింపు తంటా లేదు. కాగితం చెక్కులని తగ్గించాలని 2025 మార్చి 25న అధ్యక్షుడి ఉత్తర్వు కూడా వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వం ఇచ్చే రిఫండ్ చెక్కులు ఆ సెప్టెంబరు 30 నుంచి ఆపడం మొదలైంది. మనం కట్టే చెక్కులని ఐఆర్‌ఎస్ ఇంకా తీసుకుంటూనే ఉంది, కానీ పోకడ ఎటో తెలుస్తూనే ఉంది.

పంపాక రెండు వారాలు బ్యాంకు ఖాతా చూస్తూ ఉండండి. డబ్బు పోతే, చెక్కు ముందువెనకల బొమ్మలు వెంటనే డౌన్‌లోడ్ చేసి దాచండి. తర్వాత ఎప్పుడైనా జమ కనపడలేదంటే, వెతికిపట్టడానికి అవే ఆధారం. రెండు వారాలైనా డబ్బు పోకపోతే ఐఆర్‌ఎస్‌కి ఫోన్ చేసి జమ అయిందేమో అడగండి, లేదంటే పాత చెక్కు ఆపించి కొత్తది పంపవచ్చు. కంగారుపడి మొదటి వారంలోనే ఆపకండి. 2020లో కోవిడ్ మూలంగా తెరవని ఉత్తరాలు గుట్టలుగా పేరుకుపోయినప్పుడు, చెక్కులు రద్దుచేయవద్దని, ఎప్పుడు తెరిచినా అందిన తేదీతోనే జమకడతామని ఐఆర్‌ఎస్ ప్రకటించాల్సి వచ్చింది. రిటర్ను ప్రాసెస్ అయ్యాక మీ అకౌంట్ ట్రాన్‌స్క్రిప్టు (ఐఆర్‌ఎస్ దగ్గరున్న మీ లెక్కల పట్టీ) తీయండి, వోచరుతో కట్టినది 610 కోడు పక్కన, తర్వాత కట్టినది 670 పక్కన, తేదీతో సహా కనిపిస్తుంది. కనిపించిందంటే ఆ పని అయిపోయినట్టే.

మీ ఇద్దరికీ ఇంత బాకీ ఎందుకొచ్చిందో కూడా చూసుకోండి. చాలాసార్లు కారణం ఒకటే: ఇద్దరూ ఉద్యోగంలో చేరేటప్పుడు డబ్ల్యూ-4లో (జీతంలో ఎంత పన్ను కోయాలో కంపెనీకి చెప్పే ఫారంలో) మ్యారీడ్ జాయింట్ అని పెట్టి, రెండో ఉద్యోగం ఉందని చెప్పే రెండో మెట్టు ఖాళీగా వదిలేస్తారు. రెండు కంపెనీలూ ఇంట్లో ఒక్క జీతమే ఉందనుకుని తక్కువ కోస్తాయి. కంపెనీ షేర్లు ఇస్తుంటే వాటిమీద 22 శాతమే కోస్తారు, మీ స్లాబు 24 అయితే తేడా మీరు కట్టాలి. ఇప్పుడే కొత్త డబ్ల్యూ-4 ఇవ్వండి. లేకపోతే వచ్చే ఏడాది బాకీతో పాటు ముందస్తు పన్ను కట్టలేదన్న జరిమానా కూడా పడవచ్చు.

ప్రాజెక్టుల మీద ఊళ్లు మారేవాళ్లు మీరు. ఇల్లు మారిన వెంటనే చిరునామా మార్పు చెప్పే ఫారం 8822 పంపండి. ఏదైనా తేడా వస్తే మొదట వచ్చేది సీపీ14 అనే బాకీ నోటీసు, మామూలుగా 21 రోజుల్లో కట్టమంటుంది. అది మీ చివరి తెలిసిన చిరునామాకి పంపితే చాలు, చట్టం దృష్టిలో మీకు అందినట్టే. పాత అపార్ట్‌మెంటులో ఎవరో దాన్ని చెత్తలో వేసినా గడియారం తిరుగుతూనే ఉంటుంది. హైదరాబాదో విజయవాడో తిరిగి వెళ్లాలనుకుంటే, ఆ చివరి ఏడాది రిటర్ను లెక్క తేలేదాకా అమెరికా బ్యాంకు ఖాతా ఒకటి ఉంచుకోండి. అక్కడి స్టేట్ బ్యాంకు రూపాయల చెక్కు వాళ్లు తీసుకోరు, అమెరికా బ్యాంకు మీద డాలర్లలో రాసినదే కావాలి. ఖాతా మూసేసి వెళ్లినవాళ్లు చిన్న బాకీకి అంతర్జాతీయ వైర్ చార్జీలు కట్టుకోవాల్సి వస్తుంది.

గ్రీన్‌కార్డు విషయం. రిటర్నులో బాకీ తేలడం, దాన్ని కట్టడం మామూలు సంగతి, దానివల్ల ఏ మచ్చా రాదు. తర్వాతెప్పుడో పౌరసత్వానికి ఎన్-400 వేసేటప్పుడు, గడువు దాటిన పన్ను బాకీలేమైనా ఉన్నాయా అని అడుగుతారు. అప్పుడు ఉంటే దాచకుండా చెప్పి, ఐఆర్‌ఎస్‌తో చేసుకున్న వాయిదాల ఒప్పందం, కడుతున్నట్టు ట్రాన్‌స్క్రిప్టు జతచేస్తారు. మీ దాకా అది రానక్కర్లేదు. సర్టిఫైడ్ రసీదు, చెక్కు ముందువెనకల బొమ్మలు, 610 కోడు ఉన్న ట్రాన్‌స్క్రిప్టు, ఈ మూడూ 2025 రిటర్నుతో కలిపి ఒకే ఫోల్డరులో పెట్టి ఉంచండి. కవరు కట్టేముందు ఇంకేమైనా అనుమానం ఉంటే ఎస్‌ఎస్‌ఎన్, ఖాతా నంబరు చెరిపేసిన వోచరు ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.